కుడిపక్క కింద మూల

అక్క పోయిన మూడో రోజున మా పెద్దనాన్న కొడుకు ఊరినుంచి ఫోన్ చేశాడు. ఈ రోగం రోజుల్లో తాము రాలేమని, పదకొండో రోజు కార్యం సూరత్‌లోనే కానిచ్చెయ్యమని చెప్పి, "దండ ఎయ్యనీకి అక్కది మంచి ఫోటో ఒకటి పెద్దగ చేపియ్యి. నీకేంది, ఫోటోలు తీసేటోడివే కదా" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి వెతకడం మొదలుపెట్టాను.

నా దగ్గర మూడు కెమెరాలు, బీరువాలో రెండు అరల నిండా నెగెటివులు ఉన్నాయి. డుమస్ బీచ్‌లో టమాటా భజియాలు వేయించేవాళ్లున్నారు, రింగ్ రోడ్‌లో నెత్తిన చీరల మూటలు మోసేవాళ్లున్నారు, ఎవరో ముక్కూ మొహం తెలియని ముసలాయన గొడుగు బాగుచేసుకుంటూ నాలుగు కోణాల్లో ఉన్నాడు. అక్క ముఖం ఒక్కటీ లేదు. ఫోన్‌లో చూస్తే రెండు చోట్ల ఉంది, రెండింట్లోనూ కొంగు అడ్డం. చివరికి దొరికింది ఆధార్ కార్డు మీది బొమ్మ. అందులో ఆమె దొంగతనం కేసులో పట్టుకొచ్చిన మనిషిలా ఉంది. దానికి దండ వేసే కంటే ఉత్త ఫ్రేముకు వేయడం నయమనిపించింది. చేతిలో ఎనిమిది రోజులున్నాయి.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. బావతో కలిసి కరీంనగర్ పక్కనుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చింది. బావ పోయాక ఇచ్ఛాపూర్‌లో, మనవైపు నుంచి వచ్చిన కార్మికుల కోసం మెస్ పెట్టింది. నన్ను ఇంజినీరింగ్ చదివించింది ఆ మెస్సే. నేను హజీరాలో ఉద్యోగంలో చేరాక పడుకోవడం కంపెనీ క్వార్టర్లో, తినడం అక్క దగ్గర.

ఆమె పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆస్పత్రిలో పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ తొడుక్కున్న మనిషి ఎవరో సంచి జిప్ కొంచెం కిందికి లాగి, దూరం నుంచే చూడమన్నాడు. చూశాను. నా బుర్రలో ఆ క్షణాన ఏం నడిచిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్తాను. తలమీద ఒకటే ట్యూబ్‌లైటు, అదీ పాతది, ఇక్కడైతే షట్టర్ ముప్పయ్యోవంతు సెకను పెట్టాలి అని లెక్కవేసుకున్నాను. చేతులు శానిటైజర్‌తో కడుక్కుని బయటికొచ్చాను. ఆ తర్వాత కూడా అంతే. స్నానం చేశాను, ఫోన్లు ఎత్తాను, రెండు పూటలా పళ్లెం ముందు కూర్చుని లేచిపోయాను. మనిషిని కాదు, కదిలే బొమ్మని.

ఫోటో ఎందుకు లేదో చెప్పాలంటే లెన్సు కథ చెప్పాలి.

కరోనా రాకముందు చలికాలంలో నాకు మెస్సులో ఫోటోలు తీయాలన్న పిచ్చి పట్టింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు సాయంత్రం ఏడింటికి వరసగా కూర్చుని అన్నం కలుపుకునే చేతులు, ఆవిరి, గోడ మీద నీడలు. ఉన్న వెలుతురు ఒక ట్యూబ్‌లైటు, ఒక పొయ్యి మంట. ఫ్లాష్ వేస్తే తినేవాళ్లు ఉలిక్కిపడతారు. నాది పాత రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో మనం లెన్సు గుండా చూడం. పైన ఎడమపక్క చిన్న కిటికీ ఉంటుంది, దాంట్లోంచి చూస్తూ నడుమ కనబడే రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపితే ఫోకస్ కుదిరినట్టు. చప్పుడుండదు, చీకట్లో పనికొస్తుంది. కానీ నా దగ్గరున్న లెన్సు వెలుతురు తక్కువైతే చేతులెత్తేసేది.

రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల వెనక సందులో పాత కెమెరాలమ్మే గుజరాతీ పెద్దాయన ఉన్నాడు. ఆయన గాజు బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి ముప్పై అయిదు మిల్లీమీటర్లది, ఎఫ్ 2, జామకాయంత. రెండోది యాభైది, ఎఫ్ 1.1, చెంబంత. ఎఫ్ పక్కనుండే అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది, అంత వెలుతురు లోపలికి వస్తుంది.

ఆయన చిన్నదే తీసుకోమన్నాడు. "పెద్దదాంట్లో మీరు ఎవరి మీద గురిపెడితే వాళ్లే ఉంటారు సాబ్, పక్కవాళ్లు పొగైపోతారు. పైగా ఇంత లావు లెన్సు మీ కిటికీకి అడ్డమొస్తుంది. కుడిపక్క కింద మూల మీకు కనబడదు" అని హిందీలో నచ్చజెప్పాడు. నేను వింటే కదా. నా వాదన నాకుంది. చిన్నదైతే మెస్సు వెలుతురులో షట్టర్ ముప్పయ్యోవంతు సెకను, అన్నం కలిపే వేళ్లు అలుక్కుపోతాయి. పెద్దదైతే వందోవంతు దాకా లాగొచ్చు, మెతుకు మెతుకూ నిలబడుతుంది. వారం రోజులు వెలుతురు పోయే దారుల్ని కాగితం మీద బాణాలుగా గీసి, ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టి, చివరికి పెద్దదే కొన్నాను. ఎఫ్ 1.1 అని మా ఫోటోల గ్రూపులో చెప్పుకోవడానికి కూడా కొన్నాను, అబద్ధమెందుకు.

కదలకుండా కూర్చున్న మనిషికి ముప్పయ్యోవంతు చాలు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఆ లెన్సును చూసి అక్క, "ఏందిరా గిది, గింత లావున్నది? పప్పు గుత్తికి కూడ గింత మొద్దు ఉండదు" అంది. కెమెరా తనవైపు తిరిగితే చాలు, ఆమెకు ఎక్కడలేని కొంగు గుర్తొచ్చేది. "నా మొఖమెందుకురా, గా తినేటోళ్లను తీసుకో" అనేది. ఆ రోజు నేను కిటికీలోంచి చూస్తూ విసుక్కున్నాను. ఆమె రోజూ పొయ్యి పక్కన పీట వేసుక్కూర్చునే చోటు సరిగ్గా ఆ కుడిపక్క కింద మూలే.

"నువ్వు కూసున్న జాగ నాకు కనబడతలేదక్కా. లెన్సు అడ్డమొస్తున్నది."

"అంటే నేను ఫోటోల పడనా?"

"నాకైతే కనబడవు."

"గట్లైతే మంచిగైంది" అని కొంగు వదిలేసింది.

కిటికీలో కనబడకపోయినంత మాత్రాన ఫిల్ము మీద పడకుండా పోదని నాకు తెలుసు. చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నా ధ్యాస అక్కడ లేదు. ఎదుటి వరసలో ఎవరి వేళ్ల మీద ఫోకస్ పెట్టాలా అని చూస్తున్నాను. రెండు గజాల దూరంలో ఆ లెన్సుకు బెత్తెడు మందమే స్పష్టంగా వస్తుంది. ఆ బెత్తెడులో ఎవర్ని ఉంచాలన్నదే నా లోకమైపోయింది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ఊళ్లకు పోలేక చిక్కుబడిపోయిన కొందరు మెస్సు వెనక గదుల్లోనే ఉండిపోయారు. అక్క వాళ్లకు వండింది, నేను తీశాను. నేల మీద సుద్దతో గీసిన గుండ్రాల్లో దూరం దూరంగా కూర్చుని తినేవాళ్లు. "జర ఆ డబ్బా పక్కకు పెట్టి తినరాదురా, బువ్వ సల్లారుతున్నది" అని మూలనుంచి గొంతు వినబడేది. "వస్తున్న, ఒక్కటే ఫోటో" అనేవాణ్ని. ఆ ఒక్కటి ఎప్పుడూ ఒక్కటి కాదు. ఫిల్ము కడిగేవాళ్లు దుకాణాలు మూసుకున్నారు. చలికాలం నుంచి ఆ లెన్సుతో తీసిన చుట్టలన్నీ మెస్సు ఫ్రిజ్‌లో, పచ్చిమిరపకాయల పక్కన చేరాయి. దుకాణాలు తెరిచాక కూడా నేను బద్ధకించాను. ఇంతలో రెండో వేవ్ వచ్చి అక్కను తీసుకుపోయింది.

అక్క ఫోటో కోసం వెతుకుతుంటే గుర్తొచ్చిన ఆ చుట్టలు తొమ్మిది. గాజు బల్ల పెద్దాయన సగం దించిన దుకాణం షట్టర్ కిందినుంచి చెయ్యి చాపి అందుకున్నాడు. తొమ్మిదో రోజున రమ్మని కబురు పెట్టాడు. వెళ్లేసరికి కంప్యూటర్‌లో అన్నీ ఎక్కించి ఉంచాడు.

మొదటి ఫోటోలో రోజూ మెస్సుకొచ్చే ఫిట్టర్ పెద్దాయన వేళ్లు, పప్పన్నం, గోటి సందున పసుపు. అద్భుతంగా ఉంది. కుడిపక్క కింద మూలలో, పొగలో ముంచి తీసినట్టు, అక్క. కొంగు లేదు. నావైపే చూస్తోంది. రెండోదాంట్లోనూ అంతే. పదోదాంట్లోనూ అంతే. దుకాణం పెద్దాయన ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. వేళ్లు మారుతున్నాయి, కంచాలు మారుతున్నాయి, అక్క మాత్రం అదే మూలన కూర్చుని, నాకు కనబడనన్న ధీమాతో, నన్నే చూస్తోంది. ఆమె మోకాలి పక్కన ఒక కంచం, దాని మీద బోర్లించిన ఇంకో కంచం. అది నాది. ప్రతి ఫోటోలోనూ ఉంది.

అప్పుడు కూడా ఏడుపు రాలేదు. ముఖం మసగ్గా ఉంది సాబ్, పెద్దది చేస్తే ఇంకా చెదురుతుంది అన్నాడాయన. ఉన్నవాటిలో కాస్త తేటగా ఉన్నది చూపించి, చెయ్యమన్నాను.

పదకొండో రోజున మెస్సు ముందుగదిలో ఆరుగురం ఉన్నాం. వంట కార్మికులే చేశారు. పీట మీద ఫోటో పెట్టి దండ వేశాక, ఫిట్టర్ పెద్దాయన మాస్కు సర్దుకుని చాలాసేపు దాన్నే చూశాడు. ఫోటో బాగాలేదని అంటాడేమోనని ముందే చెప్పాను.

"జర మసకొచ్చింది. నా తప్పే."

"మసకున్నా గుర్తు పడుతున్న సారూ. అక్క గిట్లనే చూస్తుండె. చాలక్కా అని లేవబోతే గీ చూపే చూసి కూసోబెడుతుండె."

నాకు ఆకలేసింది. పదకొండు రోజుల్లో మొదటిసారి, కడుపులో ఎవరో గిల్లినట్టు ఆకలేసింది. ఇలాంటి చోట ఆకలేంటని సిగ్గేసింది కూడా. పొయ్యి పక్కన ఆమె కూర్చునే చోటికి పోయి కూర్చుని, అన్నం పెట్టమని అడిగాను. ఫిట్టర్ పెద్దాయన అప్పుడే దించిన గిన్నెలోంచి రెండు గరిటెలు వేసి పప్పు పోశాడు. కలపబోతే వేళ్లు కాలాయి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అన్నం అంత వేడిగా ఉంటుందని నాకు తెలియదు. ఏడాదిన్నరగా అక్క వండిన అన్నం నేను చల్లారాకే తిన్నాను.