చేపల గంపలోని ఐసు

ఆ పెట్టె తెరిచిన ప్రతిసారీ నాకు చేపల వాసన వస్తుందని ఎవరికీ చెప్పలేదు.

ఏ ఊళ్లో ఏ ఫ్లూ తిరుగుతోందో తెలుసుకోవడానికి, జ్వరపడ్డవాళ్ల గొంతు నమూనాలు ఐసు పెట్టెలో ల్యాబుకు చేర్చడం నా పని. ఒకరోజు మద్దిలపాలెం బస్టాపులో నా పక్కన చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. ఒళ్లో కూతురు జ్వరంతో మూలుగుతోంది.

"ఏటి సెల్లీ, నువ్వూ సేపలే అమ్ముతన్నావా?" అని నా పెట్టె చూసి నవ్వింది.

సంగతి చెప్పి, ఐసు కరిగిపోతోందన్నాను. ఆవిడ తన గంపలోని ఐసంతా దోసిళ్లతో నా పెట్టెలో పోసింది.

"మరి మా పిల్లకి మందెప్పుడిత్తారు?"

"మందు కోసం కాదక్కా. ఏ ఫ్లూవో తెలుస్తుంది, అంతే. అదీ ఈ జ్వరాల కాలం అయిపోయాక."

ఆవిడ తడి చేతులు చీరకు తుడుచుకుంది.

"అయితే ఆ ఐసు దీని నుదుటిమీదెట్టినా బాగుణ్ను, సెల్లీ."