డబ్బా మీద లేని పల్లీలు

ఇట్లా దగ్గరకు జరిగి కూర్చో తల్లీ. ఆ తలుపు ఓరగా వేసి రా. ఏళ్లుగా గుండెల మీద రుబ్బురోలు మోస్తున్నాను. కాసేపు నీ ముందు దించుతాను.

తార్నాకలో ఒకరింట్లో వంట చేసేదాన్ని. యూనివర్సిటీ హాస్టల్ నుంచి స్రవంతి అనే అమ్మాయి ఆదివారాలు వచ్చి, ఆ ఇంటి వరండాలో పిల్లలను కూర్చోబెట్టి, తినే ప్యాకెట్ల వెనక రాసింది చదవడం నేర్పేది. చక్కెర ఎంత, ఉప్పు ఎంత, ఏమేం కలిపారు. పక్కింటి హారిక అందరికన్నా శ్రద్ధగా నేర్చుకుంది. ఆ పిల్లకు పల్లీలు పడవు. చదవనిదే ఏదీ నోట పెట్టేది కాదు.

ఖాళీ డబ్బా పారేసే చేయి కాదు నాది. పాలలో కలిపే పొడి అయిపోతే, ఆ డబ్బాలోనే పల్లీలూ బెల్లమూ దంచి పోసుకున్నాను.

ఆ మధ్యాహ్నం హారిక వంటింట్లోకి వచ్చింది. డబ్బా మీద వేలు పెట్టి పైకే చదివింది.

"మాల్టు, పాలపొడి, చక్కెర, ఉప్పు. అవ్వా, ఇండ్ల పల్లీలు లెవ్వు. ఒక్క చెంచా తింటనే?"

పోపు మాడుతోంది. నేను వెనక్కి తిరగలేదు, ఏ డబ్బానో చూడలేదు.

"గంత సదివినంక నన్నెందుకు అడుగుతవే పంతులమ్మా? తిను పో."

చెంచా తిన్న కాసేపటికే పిల్ల పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఈలలా వచ్చింది. వాళ్లమ్మ పిల్లను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. వీధి వీధంతా ఆ ఆటో వెంట చూస్తుంటే నేనేం చేశాను? డబ్బా కడిగాను. ఎండలో బోర్లించాను. పని పోతుందన్న భయమా? అంతేనా? అడుగుకు అంటిన పొడిని గోటితో గీకినప్పుడు నా చేయి వణకలేదు తల్లీ. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

పిల్ల బతికింది. చదివే తిన్నానని ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. తానే సరిగ్గా నేర్పలేదని స్రవంతి కుమిలిపోయి, మళ్లీ ఆ వరండా మెట్లెక్కలేదు. నేను అందరికీ చాయ్ ఇచ్చాను.

చచ్చినవాళ్ల గొంతు వినబడితే దయ్యమంటారు. హారిక ఇప్పుడు మెట్టుగూడలో నిక్షేపంగా ఉంది. మరి మాణికేశ్వర్ నగర్‌లోని ఈ గదిలో, ఏ డబ్బా మూత తీసినా నా భుజం వెనక చదివే ఆ చిన్న గొంతు ఎవరిది? డబ్బాల మీది కాగితాలన్నీ గీకేశాను. ఒట్టి రేకు మీద కూడా చదువుతుంది. మాల్టు, పాలపొడి, చక్కెర, ఉప్పు. అక్కడ ఆగి, నా జవాబు కోసం చూస్తుంది.

ఇందాక నీకు చెబుతుండగానే మొదలైంది. నీకు వినబడిందా? ఈసారి వెనక్కి తిరిగాను చూడు, అందుకే.

"ఉన్నయి బిడ్డా. పల్లీలు ఉన్నయి. నేనే పోసిన."

అక్కడెవరూ లేరు. క్షమించానన్న మాటా రాలేదు. నా ఊపిరి మాత్రం కాస్త తేలికగా ఆడుతోంది.

పోయిరా తల్లీ. మీ ఇంట డబ్బా మీద ఏముంటే లోపలా అదే ఉండాలి. మీ పిల్లలు చదివామంటే నమ్మే పెద్దలు మీ ఇంట ఉండాలి. చల్లగా ఉండండి.