పసుపు కొమ్మూ గాలి గొట్టమూ

మొన్న సూర్యాపేటలో ఒక స్నేహితురాలి ఇంట్లో మనవరాలి కాటుక కోసం ఆముదం దీపం వెలిగించారు. ఆ వాసనకు నేను మళ్లీ పదేళ్ల పిల్లనై మిర్యాలగూడ రైస్‌మిల్లు వెనక పెరట్లో నిలబడ్డాను.

తొంభైల మొదట్లో మా చిన్నాయన ఆ మిల్లులో ఫిట్టరు. గాలిలో ఎప్పుడూ ఊక దుమ్ము, ఉడికిన వడ్ల పులిసిన వాసన, పండగ రోజుల్లో దానిమీద నెయ్యి, బెల్లం కలిసిన మలీద వాసన. ఊకను ఊదే ఫ్యాన్లూ గొట్టాలూ బాగుచేసీ చేసీ ఆయనకు ఒక పిచ్చి పట్టింది: ఫ్యాను బయటికి కనబడని జెట్ విమానం బొమ్మ చెయ్యాలని. రెండు మూరల కర్ర విమానం, కడుపులో రేకు గొట్టం, గొట్టం నడుమ ఆరు రెక్కల ఫ్యాను, దాని వెనక హైదరాబాదు నుంచి తెచ్చిన పిడికెడు ఇంజన్. అది ఆముదం, కిరోసిన్, ఈథర్ కలిపి తాగేది.

"రెక్కకూ గొట్టానికీ నడుమ పోస్టుకార్డు మందమే సందుండాలె. ఎక్కువైతే గాలి ఎనక్కి తంతది, తక్కువైతే రెక్క గీసుకుంటది," అనేవాడు. ఆ గొట్టంలో పట్టేది నా చెయ్యి ఒక్కటే. గరుకు కాగితంతో అతుకులు నునుపు చేస్తూ, చీకట్లో రెక్కల అంచులు తగిలినప్పుడల్లా, ఇంజన్ తనంతట తానే తిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టేదాన్ని.

దసరా నాడు మిల్లులో ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టి కంకణం కట్టారు. నాయనమ్మ విమానాన్నీ వదల్లేదు. గాలి పీల్చే మూతి చుట్టూ పసుపు దారం, దానికో పసుపు కొమ్ము.

"గాలికి గూడ కంకణం కడ్తవానే అమ్మా?" చిన్నాయన నవ్వాడు.

"నీ నోటికి గూడ కడ్త, ఊకో! ఇప్పినోళ్ల కండ్లు పోతయ్."

పండగపూట ఎందుకని ఆయన ఊరుకున్నాడు. విమానాన్ని బల్లకు బిగించి తాడు లాగాడు. ఇంజన్ అరిచింది. అదురుకు ముడి సడలి, కొమ్ము మూతి అంచు మీదికి జారడం నేను చూశాను. చూసింది నేనొక్కదాన్నే. విప్పితే నా కళ్లు పోతాయి, అరిస్తే ఆయనే విప్పుతాడు, ఆయన కళ్లు పోతాయి. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

గాలి కొమ్మును గొట్టంలోకి లాగేసింది, టప్‌మని ఫ్యాను పేలింది. రేకు చీల్చుకొచ్చిన రెక్క ముక్క చిన్నాయన కనుబొమ్మను కోసింది.

"కంకణం కట్టబట్టి కన్ను మిగిలింది!" నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ముక్కలన్నీ పసుపూ కుంకుమే. వాటిలో నలిగిన కొమ్మును ఎవరూ వెతకలేదు. నెత్తురు తుడుచుకుంటూ చిన్నాయన నా తల నిమిరాడు. "నీ చెయ్యి మంచిదే బిడ్డా. నా కొలతే తప్పింది."

ఆయన మళ్లీ విమానం జోలికి పోలేదు. ఇవాళ ఆ మిల్లు లేదు, ఆ పెరడు ప్లాట్లయింది, చిన్నాయనా పోయాడు. ఇరవై ఏళ్లుగా నేను మూఢనమ్మకాల మీద ఊరూరా వేదికలెక్కి, భయం మనిషి నోరు ఎట్లా నొక్కుతుందో గొంతు చించుకుని చెబుతున్నాను. నీ కొలత తప్పలేదు చిన్నాయనా అన్న మాట మాత్రం, వినవలసిన ఒక్క మనిషికి చెప్పలేకపోయాను.