మగ్గం మీది నేరేడు కొమ్మ

మా పక్కింటి అన్న పోయాడని, ఆయన పనికి వెళ్లిన గోపాల్‌పేట నుంచి పోయిన నెల ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఫోన్లో విన్న మాటను ఒక్కసారికే నమ్మే అలవాటు నాకు లేదు. చెట్టు మీంచి పడ్డాడా అని అడిగాను. కాదట. కొమ్మలు కొట్టే పని అయిపోయి, నీడకు కూర్చుని సద్ది విప్పుకున్నాడట. ఛాతీలో నొప్పి అన్నాడట. వనపర్తి దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. ఫోన్ పెట్టేసి, మళ్లీ అదే నంబరుకు నేనే చేసి, మొదటి నుంచీ చెప్పించుకున్నాను. రెండోసారి కూడా అదే చెప్పారు. అప్పుడు ఏడ్చాను.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం చిన్నప్పటి నుంచీ నాతోనే కాపురం ఉంటోంది. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. నూలు తెచ్చినవాణ్ణి, రంగు అద్దినవాణ్ణి, చివరికి చీర బాగుందన్నవాణ్ణి కూడా ఓరగానే చూస్తాను. అలాంటిదాని పక్కింట్లోకి చెట్ల కొమ్మలు కొట్టే మనిషి భార్యతో అద్దెకు దిగాడు. మా మగ్గం ఉన్న రేకుల షెడ్డు పక్కనే పెద్ద నేరేడు చెట్టుంది. ఆ నీడ వల్లే ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది. ఎండకు గాలి పొడిబారితే పోగులు పుటుక్కున తెగుతాయి. చెట్లు కొట్టేవాడు చెట్టున్న ఇంటి పక్కకే ఎందుకు వచ్చినట్టు? ఊళ్లో ఇళ్లు కరువా?

రోజూ పొద్దున్నే గోడవతల ఆకురాయి చప్పుడు. కోత మిషన్ చైనుకున్న పళ్లను ఒక్కొక్కటిగా పదును పెట్టేవాడు. సాయంత్రం అలంపూర్ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో వచ్చి, ఒళ్లు కడుక్కోకముందే గోనెసంచి పరిచి మిషన్ విప్పేవాడు. పాత పళ్ల బ్రష్షుతో కట్టె పొట్టు దులిపేవాడు, గాలి పోయే జాలీ కడిగేవాడు. చైను తిరిగే పొడుగాటి పట్టీని ఒక పక్కే అరిగిపోకుండా తలకిందులు చేసి బిగించేవాడు. వదిన అన్నం వడ్డించుకుని ఎదురుచూస్తుండేది. "మిషన్ తిన్నంకనే నాకు" అనేవాడు. ఈ ముస్తాబంతా నా చెట్టు కోసమేనని నాకు గట్టి అనుమానం.

అనుకున్నట్టే ఒకరోజు గొడ్డలి వెనక వైపుతో చెట్టు మీద కొట్టి, చెవి పెట్టి విని, నన్ను పిలిచాడు.

"చెల్లే, నీ షెడ్డు మీదికి వంగిన కొమ్మ లోపట బోలు పడ్డట్టున్నది. గాలిదుమారానికి ఆగదు. తీసేస్త."

"పని దొరకని నాడల్లా నా చెట్టే కనవడ్తదా అన్నా నీకు?"

"మగ్గం మీద చీర ఉన్నదని జెప్తున్న. ఇగ నీ ఇష్టం" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ చీర మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కొన్నాళ్లకు సరేనన్నాను. అన్నానే గానీ, ఇంకో కొమ్మ మీద చెయ్యి వేస్తాడేమోనని కిందే కాపలా నిలబడ్డాను. మొదలుపెట్టే ముందు మళ్లీ ఆకురాయి తీశాడు. పొద్దున పెట్టిన పదును ఏమైందని అడిగాను.

"మొద్దు మిషన్ పడితే మనం బలం పెడ్తం చెల్లే. బలం పెట్టినోడే జారుతడు. పొట్టు రవ్వ లెక్క రాలాలె. పిండి లెక్క రాలిందంటే ఆపి దిగుడే."

కొమ్మను మోకుతో పై పంగకు కట్టాడు. ముందు కింది నుంచి కొంచెం, తర్వాత పైనుంచి కోసి, రేకులకు తగలకుండా మెల్లగా దించాడు. దిగి వచ్చి, కోసిన చోట వేలితో నొక్కి చూశాడు. అక్కడికక్కడే ముక్కలు చేసేస్తే నాకు జన్మలో తెలిసేది కాదు. ఆయనే పిలిచాడు.

"ఇట్ల రా చెల్లే. చూడు. బోలు లేదు, గట్టి కట్టె. నేనే పొరపాటు పడ్డ."

నేనప్పుడు అన్న మాటలు ఇక్కడ రాయను. ఆ ఎండాకాలం తెగిన పోగు అతికినప్పుడల్లా ఆయన్ను తిట్టాను. ఆయన ఎదురు చెప్పలేదు. రేకుల మీద తాటికమ్మలు పరిచి, పనికి పోయే ముందు రోజూ వాటి మీద నీళ్లు చల్లేవాడు. వానలు పడేదాకా చల్లాడు. దీని వెనక ఇంకేదైనా ఎత్తు ఉందా అని దానికీ అనుమానపడ్డాను. ఏమీ లేదు.

తన తప్పును పిలిచి మరీ చూపించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అందుకే నమ్మాను. అప్పటి నుంచి గాలుల కాలం వస్తుందంటే నేనే అడిగి చెట్టెక్కించేదాన్ని. ఆయన బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కుకునేవాడు, మోకు ముడిని మాత్రం రెండుసార్లు లాగి చూసుకునేవాడు. "దేవుడు నన్ను జూస్తడు, ముడిని నేను జూస్కోవాలె" అనేవాడు. దిగి వచ్చి ఏం కాదని చెప్తే, నేను మళ్లీ అడిగేదాన్ని. "మూడోసారి గూడ ఇప్పుడే అడుగు, అన్నిటికి ఒక్కతాపనే జెప్త" అని ఆటపట్టించేవాడు. ఈ ఏడు చూసింది మా షెడ్డు మీదా, వాళ్లింటి మీదా పరుచుకున్న ఇంకో పెద్ద కొమ్మను. దానికేం కాదన్నాడు.

అన్న దినాలు అయ్యాక ఇంకో మిషనాయన వచ్చాడు. చెట్టు మీద చెయ్యి కూడా వేయలేదు.

"మొత్తం తీసేయాలె అక్కా. గా పెద్ద కొమ్మ ఎప్పుడన్న పడ్తది."

ఆయన మిషన్ వంక చూశాను. చైను వదులై పట్టీ కింద వేలాడుతోంది, నూనె తడి లేదు. అయినా నా భయం పోలేదు. అన్న కూడా ఒకసారి పొరపాటు పడ్డవాడే కదా. కొమ్మ విరిగితే పోయేది నా మగ్గం ఒక్కటే కాదు, గోడవతల వదిన ఒంటరిగా ఉంది. అందుకే వెళ్లి అడిగాను.

"ఏం జేద్దం వదినా?"

"నాకు ఉక్కపోస్తున్నదని మీ అన్న నా మంచం ఆ కొమ్మ కిందికి జరిపిండు. ఇప్పటిదాంక నేను జరపలే" అంది వదిన.

ఆ మిషనాయన్ను పంపించేశాను.

నిన్న సాయంత్రం కృష్ణా నది వైపు నుంచి గాలి లేచింది. కొమ్మ కిర్రుమంది. కిటికీలోంచి ఆకుల నీడ తెల్లటి పడుగు మీద పడి అటూ ఇటూ ఊగుతోంది. గోడవతల వదిన పక్క దులిపి మంచం మీద పరుచుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను మగ్గం మీద నాడె విసురుతూనే ఉన్నాను. పైకి చూడలేదు.