నూట పన్నెండు ఆవర్తాల ఖాళీ

యెవ్‌గ్రాఫ్ నికనోరొవిచ్ పెస్తోవ్ మా వోల్గా ఒడ్డు ఊరి ఆర్కెస్ట్రాలో ఇరవై రెండేళ్ళు ఫ్రెంచి హార్న్ ఊదాడు. తండ్రి చర్చిలో డీకన్, అంటే చిన్న పూజారి. చర్చివాళ్ళంటే ప్రభుత్వానికి పడదు కనుక ఆ సంగతి ఏ దరఖాస్తులోనూ రాయలేదు. అంతర్యుద్ధంలో రొట్టె దొరుకుతుందని సైనికుల బ్యాండులో చేరాడు. ఊదడం అక్కడే నేర్చాడు, తర్వాత సంగీత కన్సర్వేటరీలో చదివాడు. గొప్ప పేరేమీ రాలేదు. కానీ అతను మెల్లగా ఊదే స్వరం వింటే నాకు ఒళ్ళు జలదరించేది. దాచుకోవడం దేనికి, నాకు ఆ మనిషంటే ఇష్టం.

నేను ఆ ఆర్కెస్ట్రాలో స్వరపత్రాల గది చూసుకునేదాన్ని. వయొలిన్ వాళ్ళకి చేతులు ఖాళీ ఉండవు. హార్న్ వాళ్ళు మాత్రం తమ వంతు వచ్చేదాకా వందేసి తాళం ఆవర్తాలు లెక్కపెట్టుకుంటూ ఊరికే కూర్చోవాలి. చేతిలో పెన్సిలుంటే ఊరుకుంటారా? అంచుల్లో రాతలు మొదలవుతాయి. మా కాగితాలు అరువు మీద వేరే ఊళ్ళకి వెళ్ళి తిరిగొచ్చేవి. ఒకసారి పెస్తోవ్ ఒక ఖాళీ పక్కన "ఇక్కడ నిద్రపోవచ్చు" అని రాశాడు. పేర్మ్ ఊరి ఆర్కెస్ట్రా నుంచి తిరిగొచ్చిన కాగితంలో దాని కింద, "పోయాను. కండక్టర్ లేపాడు" అని వేరే రాత. అలా పన్నెండేళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు, పేరు కూడా తెలియదు. కాగితాలు పంపే ముందు ఆ రాతలు చెరపడం నా ఉద్యోగం. నేను చదివి, నవ్వుకుని, వదిలేసేదాన్ని.

పంతొమ్మిదివందల నలభై తొమ్మిది డిసెంబరులో, దేశాన్నేలే పెద్దాయన డెబ్బయ్యో పుట్టినరోజుకి దేశమంతటా కచేరీలు పెట్టారు. మా వంతు గంటసేపు సాగే ఒక స్తుతిగానం. అందులో ముఖ్యగాయకుడు మా ఊరి అర్దలియోన్, డెబ్బయ్యేళ్ళు దాటినవాడు. ఒక్కో స్వరాన్ని పట్టుకుంటే వదిలేవాడు కాదు. పెస్తోవ్‌కి అక్కడ నూట పన్నెండు ఆవర్తాల ఖాళీ. విసుగెత్తి రాసేశాడు: "ఈ ముసలాయన ఇంకెంతకాలం సాగదీస్తాడో!" ఊదేవాడు లెక్క తప్పకుండా ఉండడానికి ఆ ఖాళీ మీద పాటలో మాటలు రెండు అచ్చువేసి ఉన్నాయి. ఆ రెండూ పెద్దాయన పేరే. పెస్తోవ్ రాత సరిగ్గా ఆ పేరు కిందే పడింది.

జనవరిలో ఆ స్తుతిగానం కాగితాల కట్ట పేర్మ్ వెళ్ళింది. కట్టింది నేనే, చెరపకుండా. పది రోజుల తర్వాత రిహార్సల్ మధ్యలో పెస్తోవ్‌కి ఆ కాగితం గుర్తొచ్చి లేచి నా గదికి వచ్చాడు. తిరిగి తెప్పించమని అడిగాడు. తెప్పిస్తే ఎందుకని అడుగుతారన్నాను. ఆ నెలంతా అతను ఎత్తు స్వరాల దగ్గర తడబడుతూనే ఉన్నాడు. గది తలుపు ఎవరు తట్టినా నేను వెంటనే తీసేదాన్ని కాదు.

ఫిబ్రవరిలో తట్టినవాడు మంచి ఓవర్‌కోటు వేసుకున్న కుర్రాఫీసరు, భద్రతా శాఖ మనిషి. చాలా మర్యాదగా కూర్చుని ఆ కాగితం నా ముందు పెట్టాడు. పెస్తోవ్ రాత కింద మరో రాత: "మా దగ్గరా ఇదే గోల." రాసినవాడు పేర్మ్‌లో దొరికాడని పేరుతో సహా చెప్పాడు. కింది మాటే తనదనీ, పైది అప్పటికే ఉందనీ అంటున్నాడట. పైది మా వాళ్ళలో ఎవరిదైనా అయి ఉంటుందా అని అడిగాడు.

"కాదండీ," అన్నాను. "నేను ప్రతి కాగితం చెరిపే పంపుతాను."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నేరుగా క్యాంటీన్‌కి పరిగెత్తాను. పెస్తోవ్ టీ తాగుతున్నాడు. గొంతు తగ్గించి అంతా చెప్పాను. బతికిపోయారని నా ఉద్దేశం. అతను గ్లాసు కింద పెట్టి అడిగింది ఒక్కటే.

"ఆ పేర్మ్ ఆయన పేరేమన్నారు?"

"ల్యాగిన్. వికెంతి ల్యాగిన్."

"వికెంతి," అన్నాడు. "నేనేమో ఏ ఫ్యోదరో అయ్యుంటాడనుకున్నాను. ఇప్పుడు రెండు రాతలూ ఆయన మీదే పడతాయి కదూ?"

ఎవరైనా వింటున్నారేమోనని నేను చుట్టూ చూశాను.

"మీరు ఏమన్నారో అదే మాట మీద ఉండండి, ఫైనా అర్కిపొవ్నా. నన్ను మాత్రం ఆపకండి."

ఆపబోయాను. ఇంట్లో పెళ్ళాం ఉందన్నాను. మీరు వెళ్ళినా ఆయన్ని వదలరన్నాను. పిరికిదాన్ని, నోటికొచ్చిందల్లా అన్నాను. మర్నాడు పొద్దున ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, ఎండబెట్టిన రొట్టె ముక్కలు సంచిలో వేసుకుని ఆ భద్రతా శాఖ ఆఫీసుకి తనే నడిచి వెళ్ళాడు. రిహార్సల్‌లో అతని కుర్చీ ఖాళీగా ఉంటే కండక్టర్ అటు చూడకుండానే మొదలుపెట్టాడు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

వారం తర్వాత ఆ కుర్రాఫీసరే మళ్ళీ వచ్చాడు. పెస్తోవ్ ఒప్పుకున్నాడనీ, ఆ కాగితాన్ని కట్ట కట్టేసిన తర్వాత నాకు తెలియకుండా లాగి రాశానని చెప్పాడనీ అన్నాడు. నా పేరు ఎక్కడా పడకుండా చూసుకున్నాడన్నమాట. దాని కింద నా సంతకం కావాలట.

పెన్ను తీసుకుని, ధైర్యం తెచ్చుకుని, "అయితే పేర్మ్ ఆయన్ని వదిలేస్తారా అండీ?" అన్నాను.

ఆఫీసరు నన్ను వింతగా చూశాడు. "ఎందుకు వదులుతారు? మీవాడు రావడానికి ముందురోజే ల్యాగిన్ సంతకం పెట్టాడు, రెండు రాతలూ నావేనని. ఇప్పుడు అదే రాత నాదంటూ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి మా దగ్గర."

"మరి ఎవరిది నిజమంటారు?"

"ఇద్దరిదీ," అని అతను కాగితం నా వైపు జరిపాడు. నేను సంతకం పెట్టాను.