ఆయమ్మ ఆపిన నిప్పుల గుండం

మా కాలిన గాయాల వార్డులో పందొమ్మిదేళ్లుగా నేల తుడిచి, దుప్పట్లు మార్చి, పసిపిల్లలు ఏడిస్తే ఎత్తుకుని తిప్పే మనిషిని అందరం ఆయమ్మ అనే పిలుస్తాం. డాక్టర్లు ఆమె చేతిలోని బకెట్‌ను చూస్తారు గానీ ముఖం చూడరు. హెడ్ నర్సునై ఉండి నేను మాత్రం ఏం చూశాను గనక!

ఒకరోజు కట్లు మార్చే గదిలో నెమ్మదిగా అంది: "సిస్టరమ్మా, వచ్చే ఆదివారం మా ఊళ్లో నిప్పులు తొక్కుతారు. మీరొస్తే బాగుంటుంది."

పొద్దస్తమానం నిప్పు చేసిన నిర్వాకమే చూస్తూ బతికేదాన్ని. కోరి కోరి దాంట్లో నడవడమేమిటని అనబోయి, ఆమె కళ్లలోని ఆశ చూసి మాట మింగేశాను.

"నేనక్కడ ఏం చెయ్యాలి ఆయమ్మా?"

"ఏం చెయ్యక్కర్లేదు. చెప్పులు విడిచి తాడుకి ఇవతల నిలబడండి. ఫోన్ మాత్రం బయటికి తియ్యకండి."

ఆదివారం తెల్లారుతుండగా చేరుకున్నాను. ఊరి చివర ఖాళీ స్థలంలో పన్నెండు అడుగుల పొడవున నిప్పులు పరిచి ఉన్నాయి. తాడు దగ్గర నిలబడగానే ముఖానికి సెగ కొట్టింది. ఒక పక్క నలభైమంది వట్టికాళ్లతో వరసగా నిలబడ్డారు. అందరి చూపూ ఒకరి మీదే ఉంది. ఇనుప పళ్ల దంతె పట్టుకుని నిప్పులు సర్దుతున్న మా ఆయమ్మ మీద!

"ఆవిడ 'నడవండి' అంటే తప్ప ఒక్కరూ కదలరు. వాళ్లమ్మ తర్వాత ఆ పని ఆవిడదే" అని పక్కనున్న ముసలామె చెప్పింది. పందొమ్మిదేళ్లలో ఆయమ్మ ఒక్కసారైనా ఈ మాట అనలేదు.

దంతె లాగుతూ లాగుతూ ఆమె ఠక్కున ఆగింది. చెవి ఒగ్గి మళ్లీ లాగింది. ఖంగుమని సన్నటి చప్పుడు. వంగి, పట్టుకారుతో ఎర్రగా కాలిన మేకును బయటికి తీసింది.

"ఎవరూ కాలు పెట్టకండి. అంతా గాలించాలి."

ఊరిపెద్ద గబగబా వచ్చాడు. "నిప్పుల కోసం కాల్చిన ఆ పాత తలుపు చెక్కలు నేనిచ్చినవే కదా! మేకులన్నీ పీకించాకే పంపాను."

"పీకించారు పెద్దాయనా. తలలు ఊడినవి లోపలే ఉండిపోయాయి."

"గుండం మీద ఎండ పడేలోపు నడవాలి. తాతల నాటి నియమం. ఎవరి మాటా వినవా?"

ఆయమ్మ గొంతు పెంచలేదు. "నియమం తప్పితే నన్ను తిట్టండి, పడతాను. అరికాళ్లు కాలితే మా వార్డుకే వస్తారు. అక్కడ మీ కేకలు వినాల్సిందీ నేనే."

నాకు "అదీ మాటంటే!" అని అరవాలనిపించింది. అతిథిని కదా, ఊరుకున్నాను.

పెద్దాయన పైకండువా నడుముకి బిగించి, ఇంకో దంతె అందుకున్నాడు. ఇద్దరూ చెరో చివరి నుంచి లాగుతుంటే గంటకు పైగా పట్టింది. మొత్తం పదిహేడు మేకులు. ఈలోగా ఎండ గుండం మీదికి వచ్చేసింది. వరసలో ఒక్కరూ విసుక్కోలేదు.

నిప్పుల మీద తెల్లటి బూడిద సమంగా పరుచుకున్నాక ఆయమ్మ అరచేయి చాపి చూసింది. పక్కకు జరిగి, "నడవండి" అంది.

నడిచారు. పరుగులు లేవు, కేకలు లేవు. ఒకరి వెనక ఒకరు, ఏదో పనిమీద గుమ్మం దాటుతున్నంత మామూలుగా. అందరి వెనకా పెద్దాయన, ఆయన తర్వాత ఆయమ్మ. అవతలి ఒడ్డుకి నన్ను పిలిచి, అరికాళ్లు చూపించి మరీ నవ్వింది. ఎర్రబడ్డాయంతే. ఒక్క బొబ్బ లేదు. మిగతావాళ్లవీ చూశాను, వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది!

పెద్దాయన తాను కూర్చోబోయిన బల్ల మీద ఆయమ్మని కూర్చోబెట్టి, నావైపు తిరిగాడు.

"మీరెవరమ్మా?"

హెడ్ నర్సునని చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. ఆ పూట ఆ మాట నోటికే రాలేదు.

"ఆయమ్మతో కలిసి పనిచేస్తానండీ" అన్నాను, తలెత్తుకుని.