ఓడిన బోర్డులన్నీ నా దగ్గరే ఉన్నాయి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆరు నెలలు కుస్తీపట్టి రాసిన నా చదరంగం ప్రోగ్రాంని ఈ సాయంత్రం మా దీవిలోని లౌటోకా ఊళ్లో, మనవాళ్ల సంఘం హాల్లో చూపించాను. సంఘం అధ్యక్షుడు మామయ్య తాగుతున్న యంగోనా వేరు కషాయం గిన్నె పక్కకు జరిపి ఆటకు కూర్చున్నారు. ఇరుక్కున్నప్పుడల్లా ఒకటే మాట.

"అరే బేటీ, వాపస్ చెయ్యి. నేను ఠీక్‌గా చూళ్ళేదు."

పెద్దవాళ్లు అడిగితే ఎత్తు వెనక్కి ఇవ్వాలట, అది మా హాలు మర్యాద. పదకొండుసార్లు ఇచ్చాను. చివరికి ఆయనే గెలిచి, మైకు పట్టుకుని, "పిల్ల మిషన్ ఇంకా కచ్చా ఉంది" అన్నారు. అందరూ చప్పట్లు! ఒళ్లు మండిపోయింది.

హాస్కెల్‌లో పాత బోర్డును చెరపరు, ప్రతి ఎత్తుకూ కొత్తది పుడుతుంది. ఆయన చిత్తయిన పదకొండు బోర్డులనూ భద్రంగా దాచాను. ఆదివారం భజన అయ్యాక తెరమీద వేసెయ్యనా? మర్యాద సంగతి మాత్రం నాకు చెప్పకండి.